బ్యాంకు బాకీ ఉండగానే కొన్న ఇళ్లపై సుమ్మాదేవి సభ తీర్మానం

పలాసకూ మందస రోడ్డుకూ నడుమ రైలుమార్గం మీదున్న సుమ్మాదేవిలో, చుట్టుపట్ల ఉద్దానం ఊళ్లలో ఇళ్లు కొన్నవారు, అమ్మినవారు, ఆ అమ్మకాలకు మధ్యవర్తులుగా, సాక్షులుగా, హామీదారులుగా నిలిచినవారు కలిసి కూర్చున్న ఈ సభ, అమ్మినవారి బ్యాంకు బాకీ తీరకుండానే చేతులు మారిన ఇళ్ల సంగతిని చర్చించి ఈ కింది విధంగా తీర్మానించింది.

సభ ముందున్న విషయం

ఇక్కడ ఇల్లు కట్టుకున్నవారంతా ఆ ఇంట్లోనే ఉండిపోవడం లేదు. పని కోసం విశాఖకు, హైదరాబాదుకు, గల్ఫ్ దేశాలకు, వేట కోసం గుజరాత్‌లోని వేరావల్‌కు వెళ్లేవారున్నారు. కిడ్నీ జబ్బుతో డయాలసిస్ మొదలైన ఇంట్లో, కూతురి పెళ్లి కుదిరిన ఇంట్లో, ఇల్లు అమ్మక తప్పని రోజు వస్తుంది. ఆనాటికి ఇంటి మీద బ్యాంకు అప్పు సగమైనా తీరి ఉండదు. కొనేవారి దగ్గర మొత్తం ధర ఉండదు. అందుకని ధరలో బాకీ పోగా మిగిలిన సొమ్ము అమ్మినవారికిచ్చి, మిగతా వాయిదాలు తామే కట్టుకుంటామని మాటిచ్చి, స్టాంపు కాగితం మీద ఒప్పందం రాసుకుని, తాళాలు తీసుకుంటున్నారు. అసలు దస్తావేజులు మాత్రం బ్యాంకులోనే ఉంటాయి. అప్పు అమ్మినవారి పేరునే నడుస్తుంది. బ్యాంకుకు ఈ సంగతి తెలియదు.

ఈ ఏర్పాటు చేసుకున్నవారిలో ఎక్కువమంది మోసగాళ్లు కారని, ఇచ్చిపుచ్చుకున్న మాట మీద నమ్మకంతోనే చేసుకున్నారని ఈ సభ ఎరుగును. మాట నిలబెట్టుకున్నా మనిషి నిలవకపోవచ్చు. ఏళ్ల తరబడి వాయిదాలు కట్టిన కుటుంబం, అమ్మినవారు పోయాక వారసుల గుమ్మం ముందు నిలబడి బతిమాలుకోవలసి రావడం ఈ సభకు సమ్మతం కాదు. కట్టేవారి పేరు మీదికి అప్పునూ ఇంటినీ ఒకేసారి తెచ్చుకునే దారి చట్టంలో ఉంది. ఆ దారిన నడవాలన్నదే ఈ తీర్మానం సారాంశం.

సభ గుర్తించిన అంశాలు

చట్టం గురించి: 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ ప్రకారం అమ్మకపు ఒప్పందం ఒక్కటే ఆస్తిలో ఏ హక్కునూ పుట్టించదు. ఒప్పందం, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ చేతిలో పెట్టుకుని ఇల్లు మనదైందనుకోవడం చెల్లదని సుప్రీంకోర్టు 2011 అక్టోబరు 11న సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చి చెప్పింది. ఒప్పందం అమలు చేయించమని కోర్టుకు వెళ్లడానికి 1963 నాటి కాలపరిమితి చట్టం ఇచ్చిన గడువు మూడేళ్లే. కాగితంలో రిజిస్ట్రేషనుకు తేదీ రాసుకుంటే ఆ తేదీ నుంచి, రాసుకోకపోతే అమ్మినవారు కాదన్నారని తెలిసిన రోజు నుంచి ఆ మూడేళ్లు లెక్కకు వస్తాయి.

ఆస్తి బదిలీ చట్టమే, తాకట్టు సంగతి దాచకుండా కొన్నవారికి అండగా ఉంది. తాకట్టు ఉన్న ఇల్లు అమ్మకూడదని అది అనలేదు. తాకట్టు తీర్చి ఇస్తామని అమ్మినప్పుడు, ధరలో బాకీ మేర ఆపుకుని నేరుగా అప్పిచ్చినవారికే కట్టే హక్కు 55వ సెక్షన్ కొనేవారికి ఇచ్చింది. రిజిస్టరు దస్తావేజుతో కొన్నవారు తాకట్టు విడిపించుకోవచ్చని 91వ సెక్షన్ చెబుతుంది. 1929 సవరణతో చేరిన 60-ఏ సెక్షన్ ఇంకో మెట్టు ముందుకు వెళ్లింది. బాకీ మొత్తం చెల్లిస్తామన్నప్పుడు, తాకట్టును వెనక్కివ్వడానికి బదులు తాము చూపిన మూడో వ్యక్తికి బదలాయించమని అడిగే హక్కు తాకట్టు పెట్టినవారికి ఉంది. 59-ఏ ప్రకారం వారి నుంచి హక్కు పొందినవారికీ అది వర్తిస్తుంది. ఇప్పుడు బ్యాంకులు టేకోవర్ అని పిలిచే పనికి వేరు అక్కడుంది.

బ్యాంకు షరతుల గురించి: అనుమతి లేకుండా ఇల్లు అమ్మకూడదని ఇంటి అప్పు పత్రాల్లో సాధారణంగా రాసి ఉంటుంది. ఆ షరతు తప్పితే మొత్తం బాకీ ఒకేసారి కట్టమనే హక్కు బ్యాంకుకు వస్తుంది. వాయిదాలు ఆగి ఖాతా మొండిబాకీ అయితే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు వస్తుంది. ఆ నోటీసు వెళ్లేది అప్పు తీసుకున్నవారికి, హామీదారుకు. ఇంట్లో ఉంటున్నవారి పేరు బ్యాంకు పుస్తకాల్లో ఉండదు గనుక వారికి ఆలస్యంగా తెలుస్తుంది. నోటీసు వచ్చాక బ్యాంకు లిఖితపూర్వక అనుమతి లేకుండా ఆ ఇంటిని అమ్మడానికి కూడా వీల్లేదు.

అమ్మినవారికీ ఇందులో క్షేమం లేదు. కొన్నవారు రెండు నెలలు కట్టకపోతే చెడేది అమ్మినవారి సిబిల్ రికార్డు. హామీ సంతకం చేసిన బంధువు జీతం మీదికి వస్తుంది. కొన్నవారు క్రమంగా కట్టినా, ఆ మంచి రికార్డు వారికి జమ కాదు. వడ్డీ సర్టిఫికెట్టూ అమ్మినవారి పేరునే వస్తుంది.

ఉద్దానం సంగతి: ఇది కిడ్నీ జబ్బుతో నడివయసులోనే మనుషులు పోతున్న ప్రాంతం. ఇంటి అప్పుకు జతగా తీసుకునే జీవిత బీమా అప్పు తీసుకున్నవారి ప్రాణానికే. వాయిదాలు కడుతున్న కొనుగోలుదారు పోతే ఆ బీమా ఒక్క రూపాయి ఇవ్వదు. భార్యాపిల్లలకు ఇల్లూ ఉండదు, ఆసరా ఉండదు. అమ్మినవారు పోతే బీమా సొమ్ముతో బాకీ తీరవచ్చు. కానీ అసలు దస్తావేజులు వారి వారసుల చేతికి వెళతాయి. ఇచ్చినవారు మరణిస్తే మామూలు పవర్ పత్రం కూడా అక్కడితో ఆగిపోతుంది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు జీడి, కొబ్బరి తోటలు నేలకూలాయి. తోట మీద బతికిన ఇంట్లో రాబడి ఆగింది గానీ వాయిదా తేదీ ఆగలేదు. అలాంటి కాలంలో గడువు కావాలని, వాయిదా తగ్గించాలని బ్యాంకును అడగగలిగేది ఖాతాలో పేరున్నవారే. ఇంట్లో ఉండి కట్టేవారికి ఆ నోరు కూడా లేదు.

లెక్క గురించి: సభలో వేసి చూసిన ఒక నమూనా లెక్కను ఇక్కడ నమోదు చేస్తున్నాం. ఇంటి ధర 24 లక్షలు. బాకీ 11 లక్షలు, 9 శాతం వడ్డీ, ఇంకా 12 ఏళ్లు. నెల వాయిదా సుమారు 12,518 రూపాయలు. కొన్నవారు అయిదేళ్లు కడితే చెల్లించింది దాదాపు 7 లక్షల 51 వేలు. అందులో అసలుకు జమైంది సుమారు 3 లక్షల 22 వేలే. మిగిలింది వడ్డీ. ఇంకా 7 లక్షల 78 వేలు బాకీ నిలుస్తుంది. అప్పుడు 8 శాతానికి కొత్త అప్పు తెచ్చుకుని మిగిలిన ఏడేళ్లకు మార్చుకుంటే వాయిదా సుమారు 12,127 అవుతుంది. నెలకు 390 రూపాయలు, ఏడేళ్లకు 33 వేల లోపు ఆదా. కొత్త బ్యాంకు ఖర్చులు ఇందులోంచే పోవాలి. వడ్డీ తేడా చూసుకుని మార్చాలా వద్దా అని తూచుకునే పని కాదు ఇది. మార్చుకోవలసింది పేరు కోసం.

పేరు మార్చడానికి జంకు ఎందుకో కూడా సభ ఎరుగును. మన రాష్ట్రంలో విక్రయ దస్తావేజుకు స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం. 24 లక్షల మీద అది లక్షా 80 వేలు. ఆ సొమ్ము లేకనే చాలామంది వాయిదా వేశారు. అయితే ఆ సుంకాన్ని రిజిస్ట్రేషన్ నాటి మార్కెట్ విలువకు తగ్గని మొత్తం మీద లెక్కిస్తారు. విలువ పెరిగాక చేయించుకుంటే ఇంకా ఎక్కువ కట్టాలి.

అమెరికాలో ఉన్న మన పిల్లలు కొందరు అక్కడా ఇలా కొంటారని సభలో చెప్పారు. అక్కడ 30 ఏళ్ల స్థిర వడ్డీ 2021 జనవరిలో సగటున 2.65 శాతానికి దిగి, 2023 అక్టోబరులో 7.79కి ఎక్కింది. అమ్మేవారి పాత చౌక అప్పును నిలుపుకోవాలన్న ఆశకు అక్కడ కారణముంది. అక్కడ కూడా ఇల్లు చేతులు మారితే మొత్తం బాకీ అడిగే హక్కును 1982 నాటి చట్టం అప్పిచ్చినవారికి నిలబెట్టింది. మన ఇంటి అప్పుల్లో ఎక్కువ భాగం మారే వడ్డీవే. పాత అప్పును పట్టుకుని వేలాడితే మనకు వచ్చే లాభం లేదు.

తీర్మానాలు

1. బ్యాంకుకు తెలియకుండా ఇల్లు చేతులు మారే ఏ కాగితం మీదా ఈ సభ సభ్యులెవరూ ఇకపై సాక్షి సంతకం చేయరాదు, మధ్యవర్తిత్వం వహించరాదు. ఆ కాగితాలకు ఊళ్లో విలువ తెచ్చింది మన సంతకాలే గనుక ఈ కట్టుబాటు మొదట మనకే వర్తిస్తుంది.

2. ఇల్లు కొనదలచినవారు బయానా ఇవ్వకముందే మూడు కాగితాలు చూడాలి. ఒకటి, 30 ఏళ్ల ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్). రెండు, 2011లో మొదలైన కేంద్ర రిజిస్ట్రీ సెర్సాయిలో వెతికిన ఫలితం. దస్తావేజులు బ్యాంకులో పెట్టిన సంగతిని రిజిస్టరు చేయించకపోతే ఈసీలో కనబడదు గనుక ఈసీ ఒక్కటే చాలదు. మూడు, బ్యాంకు ఇచ్చిన ఉత్తరం. అందులో నేటి బాకీ, బ్యాంకు దగ్గరున్న దస్తావేజుల జాబితా, ఆ ఇంటి మీద వేరే అప్పు గానీ హామీ గానీ ఉన్నదీ లేనిదీ రాసి ఉండాలి.

3. అమ్మేవారు, కొనేవారు, బ్యాంకు మేనేజరు ఒక బల్ల ముందు కూర్చున్నాకే ధర ఖాయం చేసుకోవాలి. కొనేవారికి ఏ బ్యాంకు అప్పు ఇస్తుందో ముందే లిఖితపూర్వకంగా తెలుసుకోవాలి. ఆ సొమ్ము అమ్మినవారి చేతికి పోకుండా పాత అప్పు ఖాతాకే నేరుగా వెళ్లాలి. పాత బ్యాంకు అసలు దస్తావేజులను విడుదల చేయడం, విక్రయ దస్తావేజు రిజిస్టరు కావడం, కొత్త బ్యాంకుకు తాకట్టు పెట్టడం ఒకే వరుసలో జరగాలి. విక్రయ దస్తావేజులో పాత తాకట్టు, దాని మొత్తం, అది తీరిన తీరు స్పష్టంగా రాయించాలి.

4. ఇప్పటికే బాకీతో ఇళ్లు కొని ఉంటున్నవారు ఈనాటి నుంచి ఏడాది లోపల అప్పునూ ఇంటినీ తమ పేరు మీదికి తెచ్చుకోవాలి. అంతవరకు వాయిదా సొమ్మును నగదుగా అమ్మినవారి చేతికివ్వరాదు. తమ ఖాతా నుంచి నేరుగా అప్పు ఖాతాలో జమచేసి రశీదులు దాచుకోవాలి. ఆ ఇంటి మీద టాపప్ అప్పు తీసుకోబోమని అమ్మినవారి చేత రాయించుకోవాలి. మూడేళ్ల గడువు దగ్గరపడినవారు ఈ సభ కోసం ఆగకుండా వెంటనే న్యాయవాదిని కలవాలి.

5. అమ్మినవారు దూరాన ఉంటే, ఈ ఒక్క పనికే పరిమితమైన స్పెషల్ పవర్ పత్రం ఇప్పించుకోవాలి. గల్ఫ్‌లో ఉన్నవారు అక్కడి భారత రాయబార కార్యాలయంలో దాన్ని ధ్రువీకరించి పంపాలి. అది మన దేశానికి చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. అమ్మినవారు మరణించి ఉంటే వారసులందరి చేత సంతకాలు పెట్టించాలి. ఆడపిల్లల సంతకం అక్కర్లేదనే మాట ఈ సభ అంగీకరించదు.

6. మార్పు పూర్తయిన నెల రోజుల్లో ఈ పనులన్నీ చూసుకోవాలి: పాత బ్యాంకు నుంచి బాకీ లేదన్న పత్రం, రిజిస్టరైన తాకట్టు ఉంటే దాని రద్దు, సెర్సాయిలో పాత తాకట్టు తీరినట్టు నమోదు, అమ్మినవారి ఖాతా నుంచి వాయిదా కోత నిలుపుదల, హామీదారు విడుదల, ఇంటి పన్ను, కరెంటు మీటరు పేరు మార్పు. ఆ తరువాత కొత్త ఈసీ తీసి చూసుకోవాలి.

7. కొత్త అప్పు తీసుకున్నవారు తమ ప్రాణానికి, ఇంటికి బీమా చేయించాలి. కిడ్నీ జబ్బు గానీ మరొక జబ్బు గానీ ఉంటే దాచకుండా దరఖాస్తులో రాయాలి. దాచి తీసుకున్న బీమా, అవసరమైన రోజున చెల్లకుండా పోయే ప్రమాదముంది.

8. ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ స్థలాల్లోని ఇళ్లకు 1977 నాటి బదిలీ నిషేధ చట్టం అడ్డముంటుంది. అమ్మే హక్కు వచ్చిందని తహసీల్దారు కార్యాలయం నుంచి రాతపూర్వకంగా తెలియనిదే అలాంటి ఇంటికి బయానా ఇవ్వరాదు.

9. బ్యాంకులను ఈ సభ ఇలా కోరుతున్నది. అప్పు ఖాతా బదిలీకి అర్జీ వచ్చిన 21 రోజుల్లో సమ్మతో అభ్యంతరమో తెలపాలని రిజర్వు బ్యాంకు 2003 నాటి న్యాయ ప్రవర్తన నియమావళిలో చెప్పింది. ఆ గడువును పాటించాలి. మారే వడ్డీ మీద వ్యక్తులు తీసుకున్న ఇంటి అప్పును ముందే తీర్చినందుకు రుసుము వసూలు చేయరాదని బ్యాంకులకు 2012లోనే ఆదేశాలున్నాయి. అప్పు తీరిన 30 రోజుల్లో అసలు దస్తావేజులు ఇవ్వాలని, తమ వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలని 2023 సెప్టెంబరు 13న ఇచ్చిన ఆదేశం అదే ఏడాది డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. ఈ మూడింటినీ తెలుగులో రాసి శాఖల్లో అంటించాలి.

10. జీడి బట్టీల్లో, వేటలో, వలస పనుల్లో ఉన్నవారి దగ్గర జీతం స్లిప్పు ఉండదు. వారు పాత అప్పు ఖాతాలో ఏళ్లుగా క్రమంగా కట్టిన రశీదులను చెల్లింపు శక్తికి ఆధారంగా తీసుకోవాలని బ్యాంకులను కోరుతున్నాం. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో, ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు మన రాష్ట్ర శాఖలు 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. పాత పేర్ల మీదున్న తాకట్టు పత్రాలు ఏ శాఖలో ఉన్నాయో అడిగినవారికి రాసివ్వాలి.

11. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు తృప్తిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దానికి ఖర్చు లేదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఉచిత న్యాయ సహాయం హక్కు. శ్రీకాకుళంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ మన ప్రాంతంలో ఈ విషయం మీద శిబిరం పెట్టాలని కోరుతున్నాం.

12. చదవను రాయను వచ్చిన సభ్యులు ఇద్దరు చొప్పున ప్రతి ఊళ్లో ఉండి, అడిగినవారి ఒప్పందాన్ని, బ్యాంకు ఉత్తరాన్ని వారి ముందు చదివి అర్థం చెప్పాలి. అందుకు డబ్బు తీసుకోరాదు. ఇంటి యజమానిని పోగొట్టుకున్న మహిళల కాగితాలు ముందుగా చూడాలి.

విజ్ఞప్తి

ఇల్లు అమ్మి ఊరు విడిచినవారికి ఈ సభ ప్రత్యేకంగా మనవి చేస్తున్నది. మీ పేరు మీదున్న అప్పును ఇక్కడ ఇంకొక కుటుంబం నెలనెలా తీరుస్తున్నది. పండక్కి ఊరొచ్చినప్పుడు ఒక రోజు అదనంగా ఉండండి. వారితో కలిసి బ్యాంకుకు, సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి వెళ్లండి. ఆ ఒక్క సంతకంతో మీ మీద బాకీ పోతుంది, వారికి ఇల్లు దక్కుతుంది. కొన్నవారికీ ఒక మాట: సుంకం సొమ్ము కూడాక చూద్దామని ఆగకండి. రిజిస్ట్రేషన్ ఖర్చును కూడా ఇంటి ధరలో భాగంగానే లెక్కవేసుకోండి.

ఈ తీర్మానాన్ని సభ ఏకగ్రీవంగా ఆమోదించింది. దీని ప్రతులను పలాస, టెక్కలి ప్రాంతాల్లోని బ్యాంకు శాఖలకు, సబ్ రిజిస్ట్రారు కార్యాలయాలకు, గ్రామ పంచాయతీలకు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పంపాలని, ఒక ప్రతిని సభ జరిగిన చోట అందరికీ కనబడేలా అంటించాలని నిర్ణయించింది. ఏడాది తిరిగేసరికి సభ మళ్లీ కూడి, ఎన్ని ఇళ్లు కొన్నవారి పేరు మీదికి వచ్చాయో లెక్క చూస్తుంది.